షెడ్డులో పద్నాలుగు రోజులు

నేను కాపలా ఉన్నంతకాలం మా అమ్మమ్మ గాజు గదిలోకి ఒక్క పురుగు కూడా రాలేదు. కావాలంటే హాస్లో అనే ఆ ఊళ్ళో ఎవరినైనా అడగండి. ఆ ఏడు మే నెలంతా ఈ మాట ఊరందరికీ నేనే చెప్పాను. బేకరీలో చెప్పాను, బస్సులో చెప్పాను, పాస్టరు గారికైతే రెండుసార్లు చెప్పాను. జూన్ మూడో తారీకుకల్లా ఆ గదిలో పేనుబంక ఎంత ఉందంటే, మా లాంకషైర్ జిల్లా జనాభా మొత్తానికి తలా ఒక జత పంచిపెట్టినా ఇంకా మా ఇంటికి సరిపడా మిగిలేది.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. కాలేజీ హాస్టల్లో ఒక చిన్న విషయంలో, అంటే వార్డెన్ గారి కుర్చీ విషయంలో, నన్ను ఆ టర్ము అయ్యేదాకా ఇంటికి పంపేశారు. అమ్మ నన్ను చూడగానే అమ్మమ్మ దగ్గరికి బస్సెక్కించింది. అమ్మమ్మ పేరు ఎనిడ్. వంటింటి వెనక తలుపు తీస్తే గాజు గది, దాన్నిండా ఆవిడ ఫ్యూషియాలు. చెవిజూకాల్లా కిందికి వేలాడే ఎరుపూ ఊదా పూలు. వాటిల్లో పెద్దది, మనిషెత్తుది, ఊరి పూల పోటీలో పదకొండేళ్ళుగా మొదటి బహుమతి.

రెండో బహుమతి ఆ పదకొండేళ్ళూ పక్కింటి విల్ఫ్ ఓర్మెరాడ్‌ది. ఆయన ఫ్యూషియా, మా ఫ్యూషియా ఒకే తల్లి పిల్లలు. చనిపోయిన ఆయన భార్య గోడ మీంచి అందించిన కొమ్మే మా మొక్క. విల్ఫ్ బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సు ఇంజను పక్కన ముప్పయ్యేళ్ళు కూర్చుని ఎడమ చెవి పోయింది. రోజూ నాలుగింటికి గోడలోని చిన్న గేటు తీసుకుని టీకి వచ్చేవాడు. గాజు గది తాళం చెవి ఒకటి ఆయన దగ్గర ఉండేది. అమ్మమ్మ ఊరెళ్తే మా మొక్కలకి ఆయన నీళ్ళు పోసేవాడు, ఆయన ఊరెళ్తే వాళ్ళ మొక్కలకి అమ్మమ్మ పోసేది.

అమ్మమ్మకి ఒకటే నియమం. కొత్త మొక్క ఏదైనా సరే, పెరట్లో షెడ్డులో పద్నాలుగు రోజులు విడిగా ఉండాలి. పద్నాలుగో రోజున భూతద్దం పట్టుకుని ఆకాకూ తిరగేసి చూసి "సరే, రా" అంటేనే దానికి లోపలికి ప్రవేశం. పాస్టరు గారి భార్య ఈస్టరుకిచ్చిన లిల్లీ పదమూడో రోజున షెడ్డులోనే ప్రాణం వదిలింది. "ఒక్క రోజు ఓపిక పట్టలేకపోయింది" అంది అమ్మమ్మ.

పెద్ద ఫ్యూషియా వెనక మూలన నా మిరప మొక్క ఒకటి ఉండేది. అమ్మమ్మ మోకాళ్ళు ఆ మూలకి వంగవు కాబట్టి అక్కడ నీళ్ళు పోసే పని నాది. ఆ మొక్క సంగతి చెప్పి పెద్దావిడ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. విల్ఫ్ ప్రతి గురువారం జున్ను శాండ్‌విచ్ తింటూ, తాను ఒకసారి బర్మింగ్‌హామ్‌లో దేశంలోకెల్లా ఘాటైన కూర తిన్నాననీ, కన్ను కూడా చెమర్చలేదనీ చెప్పేవాడు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికే ఆ మొక్క. అది పరిశోధన. ఇక్కడితో ఆ మొక్క సంగతి వదిలేద్దాం.

జూన్ మూడున అమ్మమ్మ కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి, తీసి, వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసింది.

"బ్రయొనీ, ఇక్కడ తేనె ఒలకబోశావా?"

"నేనా? లేదే."

ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడే భూతద్దం తీసి మొగ్గ కింద పెట్టింది.  నేనూ వంగి చూశాను. లేత చివుళ్ళ నిండా ఆకుపచ్చగా, నువ్వుగింజ కన్నా చిన్నవి, భుజం భుజం రాసుకుని నిలబడి రసం తాగి తేనెలాంటి జిగురు కారుస్తున్నాయి. కింద ఆకుల మీద అవి విడిచిన తెల్లటి పొట్టు పిండి చల్లినట్టుంది. ఆదివారం చర్చిలో కూడా అంత రద్దీ నేను చూడలేదు.

"పేనుబంక" అంది అమ్మమ్మ, ఇంట్లో ఎవరో పోయినంత మెల్లగా. "ముప్పయ్యేళ్ళలో ఈ గుమ్మం దాటలేదే ఇది."

"గాలికి వచ్చిందేమో అమ్మమ్మా."

"నా కిటికీలకి వలలున్నాయి. గాలి కూడా నన్నడిగే లోపలికొస్తుంది." ఆవిడ లేచి నిలబడింది. "దీనికి మగాడితో పని లేదు, తెలుసా? పెళ్ళీ పెటాకులూ లేవు. ఒక్కతి వస్తే చాలు, కూతుళ్ళని కంటూనే ఉంటుంది. ఆ కూతుళ్ళు కడుపులో మనవరాళ్ళతోనే పుడతారు. అంటే ఇదంతా ఒక్కదాని పిల్లామేకే. ఆ ఒక్కతి ఎవరి వెంట వచ్చిందో నాకు కావాలి."

"కనిపెడదాం" అన్నాను.

"ఇంకోమాట. ఈ సంగతి గుమ్మం దాటడానికి వీల్లేదు. గోడ అవతలికి అసలే వెళ్ళకూడదు. పోటీ ఆగస్టులో. విల్ఫ్‌కి తెలిస్తే..." ఆవిడకి సిగ్గు. తన ఫ్యూషియాకి పేనుబంక పట్టిందని చెప్పడం కన్నా తనకే పేలు పట్టాయని చెప్పడం ఆవిడకి తేలిక.

ఆ రోజు నుంచి ఇల్లు పోలీసు స్టేషనైంది. పోస్టు తెచ్చే అమ్మాయి గుమ్మం ముందు పరిచిన వార్తాపత్రిక మీద నిలబడి కోటు దులపాలి. పాస్టరు గారు ఒక ఆదివారం బొత్తాంలో గులాబీ పెట్టుకుని టీకి వస్తే, ఆ గులాబీని పట్టకారుతో పీకి వేడినీళ్ళ గ్లాసులో ముంచింది. ఆయన ప్రార్థన మొదలుపెట్టబోయి మానుకున్నారు. కొట్లో కొన్న లెట్యూస్ ఆకుని దీపం ముందు పెట్టి ప్రశ్నలు వేసింది. మొక్కల మధ్య పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీసింది. మొదటి రోజు వాటికి చిక్కింది నా జుట్టే.

పొద్దున లేస్తే ఇద్దరం కూర్చుని చివుళ్ళని వేళ్ళతో నలపడం, తడిగుడ్డతో తుడవడం, ఆకుల కింద సబ్బునీళ్ళు కొట్టడం. నా వేళ్ళు ఆకుపచ్చగా అయిపోయాయి. పొద్దున నలిపిన దానికి సాయంత్రం పదిమంది కర్మకాండలకి వచ్చేవాళ్ళు, వచ్చినవాళ్ళు అక్కడే కాపురం పెట్టేసేవాళ్ళు. మందు కొట్టేద్దామంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. "రేకు మీద మచ్చ పడితే పోటీకి పనికిరాదు" అంది. ఆ వారంలోనే మొగ్గలు పండుబారి రాలడం మొదలైంది. అమ్మమ్మ రాలినవాటిని ఒక గిన్నెలోకి ఏరేది, పారబొయ్యడానికి చెయ్యి రాక గట్టు మీదే ఉంచేది.

నా మిరప మొక్కకి కూడా కొంచెం నలతగా ఉన్నట్టు నాకు జూన్ నాలుగున తెలిసింది. నలత అంటే, కాడ కనపడటం లేదు, పురుగే కనపడుతోంది. ఆరోగ్య సూత్రాల ప్రకారం అమ్మమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని కుండీతో సహా గోడ మీంచి అవతలికి విసిరాను. విల్ఫ్ ఎరువు గుంటలో మెత్తగా పడింది. సాక్ష్యం అనే మాట నా మనసులోకి రానే లేదు.

"లోపలికొచ్చేది ముగ్గురమే" అంది అమ్మమ్మ ఒక సాయంత్రం, గిన్నెలో మొగ్గల్ని చూస్తూ. "నేను తీసుకురాను. నీకు పేనుబంకకీ పచ్చి బఠాణీకీ తేడా తెలీదు. ఇక మూడో మనిషి."

"విల్ఫా? ఆయన టీ తాగి వెళ్ళిపోతాడుగా."

"పదకొండేళ్ళు రెండో బహుమతి పుచ్చుకున్న మనిషి" అంది అమ్మమ్మ. ఆ రోజు నుంచి ఆయనకి టీ వంటింట్లోనే పోసింది, గాజు గది తలుపు వేసేసి, దానికి వీపు ఆనించి నిలబడి. విల్ఫ్ ఆ తలుపు వైపూ, నా వైపూ మార్చి మార్చి చూశాడు.

ఆ తర్వాతి గురువారం మేమిద్దరం లైబ్రరీకి బయల్దేరాం. బస్సు రాలేదు, వెనక్కొచ్చేశాం. వంటింట్లోంచి చూస్తే గాజు గదిలో మా ఫ్యూషియా ముందు విల్ఫ్ వంగి ఉన్నాడు. చేతిలో వేలంత సీసా. దాన్ని ఆకుల మీద వంచి చిటికెన వేలితో తడుతున్నాడు, కూరలో ఉప్పు చల్లుతున్నట్టు.

"విల్ఫ్" అంది అమ్మమ్మ. మాది ఆయన ఎడమ వైపు. ఆయనకి వినపడలేదు. ఆవిడ లోపలికెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఎనిడ్! బస్సు రాలేదా?"

"ఆ సీసాలో ఏంటి?"

ఆయన జవాబు చెప్పేలోగా భూతద్దం ఆకు మీదికి వెళ్ళిపోయింది. నేను కూడా చూశాను. గోధుమరంగులో ఉబ్బిపోయి, మెరుస్తూ, కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

"ఇవి పేనుబంక" అంది అమ్మమ్మ.

"ఉన్నమాటే. కానీ చచ్చినవి."

"చచ్చిన పేనుబంక తెచ్చి నా మొక్క మీద చల్లుతున్నావా?"

"అవి ఉత్త శవాలు కావు ఎనిడ్. ఒక్కో దాంట్లో ఒక్కో కందిరీగ ఉంది."

అమ్మమ్మ నా వైపు చూసింది. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"కందిరీగ" అంది అమ్మమ్మ.

"చిన్నది. కామా అంత ఉంటుంది. మనిషిని కుట్టదు. ఆ పొట్ట కోసుకుని బయటికొచ్చి, బతికున్నవాటి పొట్టలో గుడ్లు పెడుతుంది. పోస్టులో తెప్పించాను."

"పోస్టులో కందిరీగలు."

"ఫస్ట్ క్లాస్ పోస్టులో."

అమ్మమ్మ భూతద్దం వదిలేసింది. అది ఆవిడ గుండె మీద కాసేపు ఊగింది. "అదంతా అలా ఉంచండి, మిస్టర్ ఓర్మెరాడ్. నా మొక్కకి పేనుబంక పట్టిందని మీకెవరు చెప్పారు?"

ఆయన్ని ఇంటిపేరుతో పిలవగా నేను వినడం అదే మొదటిసారి.

"ఎవరూ చెప్పలేదు."

"నేను ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్లా చెప్పలేదు. వారం రోజులుగా మిమ్మల్ని ఈ గదిలోకి రానివ్వలేదు. మరి మీకెలా తెలిసింది?"

విల్ఫ్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. స్టాపులో బస్సాపి, ఎక్కుతావా ఎక్కవా అని ఎదురుచూసే డ్రైవరులా చూశాడు. అప్పుడర్థమైంది నాకు, ఎరువు గుంటలో పడ్డ మిరప మొక్క ఆయనకి దొరికిందని. కుండీలో నేను గుచ్చిన ప్లాస్టిక్ చీటీ ఉంది. దాని మీద నా చేతిరాతతో తారీకు, కింద "విల్ఫ్ కోసం" అని, పక్కన చిన్న పుర్రె బొమ్మ.

నేను కుళాయి వైపు చూశాను. మంచి కుళాయి. ఇత్తడిది.

"ఊరికే అనిపించింది" అన్నాడు విల్ఫ్.

"తాళం చెవి ఇవ్వండి."

ఆయన జేబులోంచి గుత్తి తీశాడు. ఆ రింగు బిగుసుకుపోయి ఉంది. పన్నెండేళ్ళుగా దాన్ని తియ్యాల్సిన అవసరం రాలేదు మరి. గోరు విరిగింది. చెవి తీసి మొగ్గల గిన్నె పక్కన పెట్టాడు.

"నాలుగింటికి..." అన్నాడు గుమ్మంలో.

"అక్కర్లేదు."

గోడ గేటుకి అమ్మమ్మ గడియ వేసింది. తుప్పు పట్టి ఉంటే సుత్తి తెచ్చి మరీ వేసింది.

ఆ సాయంత్రమే నేను చెప్పేసి ఉండొచ్చు. కానీ అమ్మమ్మకి తలనొప్పిగా ఉంది. మర్నాడు చెప్దామంటే వాన. ఆ మర్నాడు శనివారం, శనివారాలు పెద్ద విషయాలు మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు. ఇలా జూలై వచ్చింది.

రోజూ నాలుగింటికి అమ్మమ్మ మూడు కప్పులు దింపేది. ఒకటి మళ్ళీ పైన పెట్టేది. గోడ అవతల కెటిల్ కూత వినపడేది. మా కెటిలూ అదే నిమిషానికి కూసేది. రెండూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు ఉండేది, మధ్యలో గోడ. గురువారాలు ఆవిడ జున్ను శాండ్‌విచ్‌లు అలవాటు చొప్పున ముగ్గురికీ కోసేసేది, మూడోవాడి వంతు కూడా నేనే తినాల్సి వచ్చేది. నాకు జున్నంటే పడదు.

విల్ఫ్ చల్లిన వాటిని అమ్మమ్మ తుడిచేసింది కానీ అన్నీ పోలేదు. పదిహేను రోజులకి ఆకుల కింద ఎక్కడ చూసినా గోధుమరంగు ఉబ్బులే. ఒక పొద్దున అమ్మమ్మ భూతద్దం నా చేతికిచ్చింది. "చూసి, ఏం కనపడిందో చెప్పు."

ఒక్కోదాని వీపు మీద గుండ్రటి కన్నం. కన్నానికి ఒక పక్కన మూత, డబ్బా మూత తీసి వదిలేసినట్టు. లోపల ఖాళీ. లేత చివుళ్ళ మీద ఆకుపచ్చవి వెతికితే తప్ప కనపడటం లేదు. కామా అంత నల్లది ఒకటి ఆకు అంచున నడుస్తోంది.

"కందిరీగే" అన్నాను.

"కందిరీగే" అంది అమ్మమ్మ. జిగురు అట్టలన్నీ దించేసింది. వాటికి ఆ నల్లవి కూడా కొన్ని అంటుకుని చచ్చి ఉన్నాయి. సబ్బునీళ్ళ సీసా అలమారులో పెట్టింది. ఇక గేటు గడియ తీస్తుందేమో అనుకున్నాను. తియ్యలేదు.

"దొంగతనం చేసి, పోతూ పోతూ ఇల్లు ఊడ్చిపెట్టే దొంగని నేనెక్కడా చూళ్ళేదు" అంది. "మందు పట్టుకొచ్చాడంటే రోగం ఎక్కడుందో తెలిసే వచ్చాడు. తెచ్చిపెట్టినవాడికి తప్ప అది ఎవరికి తెలుస్తుంది? తర్వాత మనసు ఒప్పుకోక మందు తెచ్చాడు. అంతేగా?"

దించిన అట్టల్ని నేను లెక్కపెట్టాను.

"అంతేనా కాదా? ఏమంటావే?"

"అంతే అయ్యుంటుంది" అన్నాను.

అప్పటిదాకా నేను చేసింది కోతిపని. ఆ రెండు మాటలు మాత్రం అందులోకి రావు.

ఆగస్టు రెండో శనివారం చర్చి హాల్లో పూల పోటీ. మొగ్గలన్నీ జూన్‌లోనే రాలిపోయాయి కాబట్టి అమ్మమ్మ ఆ ఏడు మొక్క పెట్టలేదు. అయినా మంచి కోటు వేసుకుని బయల్దేరింది. "ఆయన మొదటి బహుమతి తీసుకునేటప్పుడు ముఖం ఎలా పెడతాడో చూడాలి" అంది.

ఫ్యూషియాల బల్ల మీద విల్ఫ్ మొక్క లేదు. మొదటి బహుమతి ఎవరో కొత్త ఆవిడకి వచ్చింది. విల్ఫ్ హాలు చివర టీ కౌంటరు దగ్గర, చేతిలో కప్పుతో ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇదేం ఎత్తు?" అంది అమ్మమ్మ కళ్ళు చిన్నవి చేసి. గెలవగలిగిన ఏడు పోటీకి రాని మనిషిని ఆవిడ జన్మలో చూడలేదు. బల్ల బల్లకీ అనుమానంగా చూసుకుంటూ నడిచింది. నేను వెనకే. కుండీల్లో పెంచిన కూరగాయల బల్ల దగ్గర ఆగిపోయింది.

నిగనిగలాడే మిరప మొక్క. పదిహేను పండు మిరపకాయలు. రెండో బహుమతి కార్డు. కార్డు మీద పేరు: బ్రయొనీ హాల్‌స్టెడ్. అది నేనే.

అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. కుండీలోని ప్లాస్టిక్ చీటీని రెండు వేళ్ళతో పైకి తీసింది. తారీకు చదివింది, రెండు మాటలు చదివింది, పుర్రె బొమ్మని భూతద్దంతో చూసింది.

"మే ఐదు" అంది. "ఇది నీ రాత."

"రాతలు ఒక్కోసారి కలుస్తాయమ్మమ్మా."

"పుర్రెలు కూడా కలుస్తాయా?"

నా దగ్గర ఆ క్షణంలో పద్నాలుగు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిల్లో మూడు చాలా మంచివి.

"ఇది షెడ్డులో ఎన్ని రోజులుంది బ్రయొనీ?"

ఆవిడ గొంతు పెంచలేదు. ఒంటి చేత్తో చీటీ పట్టుకుని, రెండో చెయ్యి బల్లకి ఆనించి నిలబడింది. ఆ చేతి గోళ్ళలో జూన్ నాటి ఆకుపచ్చ మరక ఇంకా పోలేదు.

"ఒక్క రోజు కూడా లేదు" అన్నాను.

"ఎక్కడుంది?"

"పెద్ద మొక్క వెనక. మూలన."

అమ్మమ్మ చీటీని మళ్ళీ మట్టిలో గుచ్చింది, నిటారుగా ఉందో లేదో సరిచూసి మరీ. హ్యాండ్‌బ్యాగు తెరిచింది. లోపలి అరలోంచి తాళం చెవి తీసింది. రెండు నెలలుగా దాన్ని వెంట వేసుకుని తిరుగుతోందన్నమాట. నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"వెళ్ళి ఆయనకిచ్చిరా. నాతో చెప్పింది అక్కడా చెప్పు. నేనూ వస్తాను."

హాలు పొడవు మామూలుగా ఇరవై అడుగులుంటుంది. ఆ రోజు స్కాట్లండ్ సరిహద్దు దాకా ఉంది. విల్ఫ్ నన్ను చూసి, కప్పు కుడిచేతిలోకి మార్చుకుని, జాగ్రత్తగా ఎడమ చెవి నా వైపు తిప్పాడు.

"ఆ మిరప మొక్క తెచ్చింది నేనే" అన్నాను మెల్లగా.

"ఆఁ? ఈ చెవి సరిగ్గా వినపడదమ్మాయ్."

"ఆ మిరప మొక్కని గాజు గదిలోకి తెచ్చింది నేనేనండీ!"

"ఏ గదిలోకి?"

"గట్టిగా చెప్పవే, పెద్దమనిషి అడుగుతుంటే" అంది వెనక నుంచి అమ్మమ్మ.

అప్పటికే టీ కౌంటరు దగ్గర వాళ్ళు కప్పులు కడగడం ఆపేశారు. పాస్టరు గారు కేకు ముక్క నోటి దగ్గరే ఆపుకున్నారు.

"ఆ మొక్కని కోటు కింద పెట్టుకుని గాజు గదిలోకి తెచ్చింది నేనే! షెడ్డులో పెట్టలేదు! పురుగు పట్టాక మీ గోడ మీంచి విసిరింది నేనే! అది మీకు దొరికిందని తెలిసి కూడా, అమ్మమ్మ మిమ్మల్ని అనుమానిస్తుంటే, అంతే అయ్యుంటుంది అన్నది కూడా నేనే!"

హాలంతా విన్నది. పక్క ఊరు కూడా వినే ఉంటుంది.

విల్ఫ్ కప్పు కింద పెట్టాడు. "చివరి మాట నాకు తెలీదు" అన్నాడు. "మిగతావి తెలుసు." తర్వాత, "ఎందుకు తెచ్చావో చెప్పలేదు."

"మీ శాండ్‌విచ్‌లో పెడదామని."

"అనుకున్నా." ఆయన చెయ్యి చాపాడు. చెవి ఇచ్చాను. గుత్తి తీసి, ఆ బిగుసుకుపోయిన రింగులోకి దాన్ని ఎక్కించడం మొదలుపెట్టాడు. విరిగిన గోరు ఇంకా పూర్తిగా రాలేదు. నేను సాయం చెయ్యబోతే మోచేత్తో నెట్టేశాడు.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అంది అమ్మమ్మ ఆయనతో.

"పిల్ల దానంతట అదే చెప్తుందనుకున్నా. తొమ్మిది వారాలు చూశా. ఇక మిరపకాయలు పండిపోతున్నాయి ఎనిడ్, ఎంతకాలమని ఆగను."

 అమ్మమ్మ కోటు బొత్తాం పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. తర్వాత ఆయన ఎడమ వైపు నిలబడి, గోడ గడియారం చూస్తూ, తనలో తను అనుకున్నట్టు అంది, "నాలుగవుతోంది విల్ఫ్. గురువారం కాకపోయినా జున్ను ఉంది."

ఆ మాట మాత్రం ఆ చెవికే, మొదటిసారికే వినపడింది.